కుంటే కుక్కకు మూలకణాలా, మందులా, ఆపరేషనా?

ఎక్స్‌రే చూసి డాక్టరు "తుంటి కీలు అరిగింది" అన్న రోజే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల గురించి వెతకడం మొదలుపెడతారు. మనుషుల మోకాళ్లకు "గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అనే ప్రకటనలు చూసీ చూసీ ఉన్నవాళ్లం, మన లాబ్రడార్‌కు మాత్రం ఎందుకు పనిచేయదు అనిపిస్తుంది. కొంతవరకు పనిచేస్తుంది కూడా. అయితే ప్రకటనలో చెప్పిన పని వేరు, అది చేసే పని వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కీళ్లవాతంతో బాధపడే చాలా కుక్కలకు మూలకణాలు మూడో ప్రయత్నంగా సరిపోతాయి, మొదటి ప్రయత్నంగా కాదు. ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంటు పూర్తిగా తెగితే దానికి అవి జవాబే కావు. పందెం గుర్రం కాలిలో కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌కు మాత్రం ముందు వరుసలోనే నిలబెట్టవచ్చు. నోటి పుండ్లతో తిండి మానేసిన పిల్లికి చివరి ఆశగా ఆలోచించవచ్చు. ఒకే వైద్యానికి ఇన్ని స్థానాలు ఎందుకో తెలియాలంటే ఆ కణాలు కీలులోకి వెళ్లాక ఏం చేస్తాయో చూడాలి.

కీలులో జరిగేది

ఎముక మజ్జలో, చర్మం కింది కొవ్వులో, బొడ్డుతాడులో మీసెంకైమల్ రకం మూలకణాలు ఉంటాయి. ల్యాబ్‌లో తగిన రసాయనాలు అందిస్తే ఇవి ఎముకగానో, మృదులాస్థిగానో (కీలు గుజ్జు), కొవ్వుగానో మారతాయి. గాజు గిన్నెలో నిజమైన ఈ సంగతినే తెచ్చి "ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మొలుస్తుంది" అని అమ్ముతున్నారు. ఒంట్లో కథ అలా నడవదు. గుర్తు వేసి పంపిన కణాలను వెంబడించి చూస్తే చాలా భాగం కొన్ని వారాల్లోనే కనిపించకుండా పోతాయి. ఉన్నన్నాళ్లూ అవి చేసే ముఖ్యమైన పని చుట్టూ ఉన్న కణాలకు సంకేతాలు పంపడం. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 లాంటి పదార్థాలను వదిలి, వాపును ఎగదోసే రోగనిరోధక కణాల దూకుడు తగ్గిస్తాయి.

అందుకే ఆరు నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే ఎముక అంచుల్లో పెరిగిన ముళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కుక్క మెరుగ్గా నడుస్తోందంటే వాపు, నొప్పి తగ్గాయని అర్థం, కీలు కొత్తదైందని కాదు. అంటే ఈ వైద్యాన్ని పోల్చాల్సింది ఆపరేషన్‌తో కాదు. నొప్పి మాత్రలతో, నెలనెలా వేసే ఇంజెక్షన్లతో, బరువు తగ్గించడంతో పోల్చాలి. ఆపరేషన్ ఎముకల అమరికను మారుస్తుంది, మూలకణాలు మార్చలేవు.

ఎందుకు కుంటుతోందో తేలకుండా ఏదీ ఎంచుకోవద్దు

మన ప్రాంతంలో దీన్ని ఇంకాస్త గట్టిగా చెప్పాలి. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే ఎర్లిఖియా జ్వరం ఉన్న కుక్క కూడా కీళ్లు వాచి కుంటుతుంది. ఒక రోజు ఈ కాలు, మర్నాడు ఆ కాలు అన్నట్టు కుంటుడు మారుతుంటే, తిండి తగ్గి ఒళ్లు వేడిగా ఉంటే, ముందు రక్తపరీక్ష చేయించాలి. ఆ జబ్బుకు కావలసింది డాక్సీసైక్లిన్ కోర్సు. దానికి మూలకణాలు వేయించడం డబ్బు దండగ మాత్రమే కాదు, అసలు జబ్బుకు మందు పడకుండా రోజులు గడిచిపోతాయి.

రెండోది మోకాలి లిగమెంటు. నిన్నటిదాకా బాగా పరిగెత్తిన కుక్క ఉన్నట్టుండి వెనక కాలు నేల మీద ఆనించకపోతే, కూర్చున్నప్పుడు ఆ కాలు పక్కకు చాపితే, క్రూసియేట్ లిగమెంటు తెగిందేమో చూడాలి. పూర్తిగా తెగితే తొడ ఎముక, కింది ఎముక ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. పెద్ద జాతి కుక్క అయితే టీపీఎల్‌ఓ లాంటి ఆపరేషన్‌తో ఎముక వాలును మార్చి ఆ జారుడు ఆపాలి. ఎన్ని కోట్ల కణాలు పంపినా జారే కీలు జారుతూనే ఉంటుంది. లిగమెంటు కొంతే చిరిగినప్పుడు కణాల వైద్యం ప్రయత్నిస్తున్న సర్జన్లు ఉన్నారు. అలాంటి కేసులో కూడా నిర్ణయం ఎముకల డాక్టరు కీలును చేత్తో పరీక్షించాకే.

పెద్ద జాతి కుక్కలో ఒకే ఎముక దగ్గర వాపు, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే ఎముక క్యాన్సర్ అనుమానం తీరాలి. క్యాన్సర్ ఉన్నచోట, కీలులో ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట మూలకణాల ఊసే ఎత్తకూడదు. ఇలాంటి అనుమానాలు తీర్చుకోవడానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ ఉన్న వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులకు వెళ్లవచ్చు. అమ్మే వైద్యం ఏదీ చేతిలో లేని డాక్టరు నోటి నుంచి ఒక మాట విన్నాక ఖరీదైన నిర్ణయం తీసుకోవడం మేలు.

ఇవన్నీ కాదని తేలి, ఇది కీళ్లవాతమే, తుంటో మోచేయో అరిగిందనే నిర్ధారణకు వస్తే పోలిక అక్కడ మొదలవుతుంది.

చవకైనది, అందరూ వదిలేసేది

బరువు. ఈ మాట వినగానే పేజీ తిప్పేసేవాళ్లు ఉంటారు, కానీ కుక్కల కీళ్లవాతంలో ఇంత గట్టి ఆధారం ఉన్న చికిత్సలు తక్కువ. అమెరికాలో 48 లాబ్రడార్లను చిన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఒకే ఈతలోని కుక్కపిల్లలను జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. వాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే లావై కుంటుతున్న కుక్కల మీద జరిగిన మరో పరిశీలనలో, ఒంటి బరువులో 6 శాతం పైచిలుకు తగ్గగానే కుంటడం తగ్గడం కనిపించింది. 40 కిలోల కుక్కకు అది రెండున్నర కిలోలు.

మన ఇళ్లలో ఆ రెండున్నర కిలోలు ఎక్కడ దాక్కుంటాయో అందరికీ తెలుసు. నెయ్యి కలిపిన పెరుగన్నం, టీతోపాటు మారీ బిస్కెట్లు, "పాపం చూస్తోంది" అని తాతయ్య పెట్టే ముద్ద. దీనికి తోడు జారుడు నేల. గ్రానైట్, టైల్స్ వేసిన ఇంట్లో కీళ్లు నొప్పిగా ఉన్న కుక్క ప్రతి అడుగూ భయపడుతూ వేస్తుంది. అది తిరిగే దారిలో నాలుగు రబ్బరు మ్యాట్లు పరిచి చూడండి. కొన్ని కుక్కల్లో ఆ వారంలోనే తేడా కనిపిస్తుంది. ఈ రెండూ చేయకుండా మూలకణాల దగ్గరికి పోవడం నాకు అర్థం కాదు.

మాత్రలు, నెలవారీ ఇంజెక్షన్, పీఆర్‌పీ

కుక్కల కోసం తయారైన నొప్పి మాత్రలు, అంటే కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్ లాంటివి, ఇప్పటికీ ఈ జబ్బుకు వెన్నెముక. పని మొదలవడానికి రోజులు చాలు. పనిచేయకపోతే అంతే త్వరగా తెలిసిపోతుంది, మానేయవచ్చు. లోపం మూత్రపిండాలు, కాలేయం, పేగుల దగ్గర ఉంది. అందుకే మొదలుపెట్టేముందు, ఆ తర్వాత అప్పుడప్పుడు రక్తపరీక్ష కావాలి. ఇంట్లో మనుషులకు తెచ్చిన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయకండి. కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

నెలకొకసారి చర్మం కింద వేసే బెడిన్‌వెట్‌మాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి పొందింది. లిబ్రెలా పేరుతో అమ్ముతారు. నొప్పి సంకేతాన్ని మోసే నరాల పెరుగుదల కారకాన్ని అది అడ్డుకుంటుంది. మాత్రలు పడని ముసలి కుక్కలకు చాలా ఉపయోగపడింది. కానీ 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ మందు వాడిన కుక్కల్లో నడక తూలడం, మూర్ఛలు లాంటి సమస్యలు తమకు నివేదించారని పశువైద్యులను హెచ్చరించింది. అమెరికాలో, యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది ఎదురయ్యే ఎంపిక. డాక్టరును ఆ హెచ్చరిక గురించి అడిగి తీసుకోండి.

పీఆర్‌పీని (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) మూలకణాలతో కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మడం వల్ల రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పీఆర్‌పీలో మూలకణాలు ఉండవు. కుక్క సొంత రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని అదే రోజు కీలులోకి ఇస్తారు. ల్యాబ్‌లో పెంచే పని లేదు కాబట్టి చవక. యంత్రాన్ని బట్టి ప్లేట్‌లెట్ల మోతాదు మారిపోతుంది కాబట్టి ఫలితం కూడా నిలకడగా ఉండదు. ఒక్క కీలే ఇబ్బంది పెడుతుంటే, మాత్రలతో సగం ఉపశమనం ఉంటే, మూలకణాల కంటే ముందు దీన్ని ప్రయత్నించడంలో తప్పులేదు.

ఇక మూలకణాలు: సొంతవా, దాతవా?

ఇక్కడ ఎంపికలు చాలా ఉన్నాయి. అమ్మేవాళ్లు పోల్చి చెప్పనిది కూడా ఇక్కడే ఎక్కువ.

మొదటి దారి సొంత కొవ్వు. కుక్కకు మత్తిచ్చి, భుజం వెనకనుంచో పొట్ట లోపలినుంచో కొవ్వు తీసి, ఎంజైముతో కరిగించి, కణాలను వేరుచేసి ఒకట్రెండు రోజుల్లో తిరిగి ఎక్కిస్తారు. కాలిఫోర్నియాలోని వెట్‌స్టెమ్ సంస్థ 2000ల తొలి ఏళ్లలో గుర్రాలతో మొదలుపెట్టి కుక్కలకు విస్తరించిన పద్ధతి ఇదే. ఇలా వచ్చిన ద్రవంలో అసలు మూలకణాలు కొన్ని శాతమే. మిగతావి రక్తనాళాల కణాలు, తెల్లకణాలు, ఇతర కొవ్వు కణజాలం. అదే కొవ్వును రెండు మూడు వారాలు ల్యాబ్‌లో పెంచితే దాదాపు శుద్ధమైన మూలకణాలు కావలసినన్ని దొరుకుతాయి, కానీ ఎదురుచూపు, ఖర్చు పెరుగుతాయి. ఎముక మజ్జ నుంచీ తీయవచ్చు. మజ్జ కణాల్లో ఈ రకం వేలల్లో ఒకటి కూడా ఉండదు కాబట్టి పెంచక తప్పదు.

సొంత కణాలకు ఒంటి తిరస్కరణ భయం లేదు. కానీ ఈ వైద్యం అవసరమయ్యేది ఎక్కువగా ముసలి కుక్కలకు. వయసు పెరిగేకొద్దీ కణాల సంఖ్యా తగ్గుతుంది, పెరిగే వేగమూ తగ్గుతుంది. పన్నెండేళ్ల కుక్కకు కొవ్వు తీయడానికి ఒకసారి మత్తు, కొన్నిసార్లు కీలులో వేయడానికి ఇంకోసారి. గుండె, కిడ్నీ బాగాలేని కుక్కలో ఈ మత్తు లెక్క వైద్యం లెక్కకంటే పెద్దది.

రెండో దారి దాత కణాలు. ఆరోగ్యమైన చిన్న వయసు జంతువు నుంచి తీసి, పరీక్షించి, పెంచి, నిల్వ చేసినవి. కుక్కకు శస్త్రచికిత్స అక్కర్లేదు, అపాయింట్‌మెంట్ రోజే ఇంజెక్షన్. దాత కుక్కతో పని కూడా లేని మందు ఒకటుంది. యూరప్‌లో 2022లో అనుమతి పొందిన డాగ్‌స్టెమ్‌లో ఉండేవి గుర్రం బొడ్డుతాడు మూలకణాలు. ఒక కీలుకు 75 లక్షల కణాలు ఇస్తారు. గుర్రం కణాలను కుక్క ఒళ్లు ఎలా ఊరుకుంటుంది అంటే, ఈ రకం కణాలు రోగనిరోధక వ్యవస్థ దృష్టిని అంతగా ఆకర్షించవు, ఎలాగూ ఎక్కువకాలం ఉండవు.

అయితే దాత కణాలకు ఒక హద్దు ఉంది. టెక్సాస్‌లో గుర్రాల మీద చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. అదే కీలులో రెండోసారి దాత కణాలు వేసినప్పుడు, సొంత కణాలు వేసినదాని కంటే కీలు ఎక్కువగా స్పందించి వాచింది. మొదటి ఇంజెక్షన్‌ను ఒళ్లు గుర్తుపెట్టుకుందన్నమాట. అంటే "ఆరునెలలకోసారి బూస్టర్" అని దాత కణాలను వరుసగా అమ్మే ప్యాకేజీని కాస్త అనుమానంగానే చూడాలి. ఒకే ఇంజెక్షన్ అయితే దాత కణాలు, మళ్లీ మళ్లీ కావాలనుకుంటే వయసు చిన్నదైన కుక్కలో సొంత కణాలు తీసి నిల్వ చేయించుకోవడం. నేనైతే ఆ విధంగా ఆలోచిస్తాను.

మరి ఫలితం ఎంత? 2007లో తుంటి కీళ్లవాతం ఉన్న 21 కుక్కలతో, ఎవరికి ఏమిచ్చారో తెలియనీయకుండా చేసిన ప్రయోగంలో సొంత కొవ్వు కణాలు ఇచ్చిన గుంపు మెరుగైంది. 2016లో వచ్చిన పెద్ద ప్రయోగంలో 74 కుక్కలు ఉన్నాయి, దాత కణాలు వాడారు. యజమానుల అంచనా ప్రకారం కణాలు అందుకున్నవాటిలో 79 శాతం బాగుపడ్డాయి. బావుంది కదా? ఉత్త ద్రావణం ఎక్కించిన కుక్కల్లో కూడా 55 శాతం బాగుపడ్డాయని వాళ్ల యజమానులు చెప్పారు. కణాలేమీ వేయకపోయినా సగం పైగా ఇళ్లలో "మా కుక్క తేరుకుంది" అన్నారు! ఈ ప్రయోగానికి నాయకత్వం వహించింది ఆ వైద్యాన్ని అమ్మే సంస్థ స్థాపకుడే అని కూడా గుర్తుంచుకోవాలి. నిజమైన ప్రయోజనం ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఉంది, 79లో కాదు. పక్కింటి కుక్క లేచి పరిగెత్తిందనే కథను ఈ లెక్కలోనే తూచాలి.

గుర్రం, పిల్లి, గేదె

గుర్రం ముందు కాలి వెనక ఉండే టెండన్ చిరిగితే మధ్యలో గుంతలాంటి గాయం ఏర్పడుతుంది. కణాలను అందులో వేస్తే జారిపోకుండా అక్కడే నిలుస్తాయి. ఒంటంతా తిరిగే ఇంజెక్షన్‌కూ దీనికీ ఉన్న తేడా అదే. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన రోజర్ స్మిత్ బృందం 2003లో ఎముక మజ్జ కణాలతో తొలి కేసు ప్రచురించింది. 2012లో వెలువడిన ఫలితాల్లో, రెండేళ్లకు పైగా గమనించిన 113 పందెం గుర్రాల్లో మళ్లీ గాయపడినవి సుమారు 27 శాతం. అడ్డంకుల పరుగు గుర్రాల్లో పాత పద్ధతుల వైద్యంతో ఇది సగం దాటేది. పోలిక పాత లెక్కలతో చేసిందే, పక్కపక్కనే రెండు గుంపులను పెట్టి చూసింది కాదు. అయినా ఇంత తేడాను కొట్టిపారేయలేం. గాయమైన నెల లోపు, మచ్చ కణజాలం గట్టిపడకముందే వేయాలి, ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు క్రమంగా నడిపించే శిక్షణ తప్పదు. కీలు వాపుకు యూరప్‌లో 2019 నుంచి ఆర్టీ-సెల్ ఫోర్టే, హోర్‌స్టెమ్ అనే అనుమతి పొందిన మందులు ఉన్నాయి.

పిల్లుల్లో నోరంతా పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు ఒకటుంది. దానికి పళ్లన్నీ పీకేయడమే ఇప్పటికీ ముందు వైద్యం. పీకాక కూడా మానని పిల్లులకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు సొంత కొవ్వు కణాలను నరంలోకి ఎక్కించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో ఏడు పిల్లుల్లో ఐదు మెరుగయ్యాయి. పిల్లుల సంఖ్య తక్కువే, కానీ ఇక వేరే దారి లేని పిల్లులు అవి.

ఆవులు, గేదెల మీద పరిశోధనలు ఉన్నాయి. రైతు లెక్కలో నిలిచే వైద్యం మాత్రం ఇంకా కాలేదు.

క్లినిక్‌లో ఏం అడగాలి

మీకు దగ్గర్లోని క్లినిక్ ఈ వైద్యం చేస్తామంటే, కణాలు ఎక్కడివి, ఏ జంతువువి, ఏ ల్యాబ్‌లో పెరిగాయి, ఇన్‌ఫెక్షన్ పరీక్ష నివేదిక ఉందా అని అడగండి. వేసే సమయానికి ఎన్ని కణాలు, వాటిలో ఎంత శాతం బతికి ఉన్నాయో కాగితం మీద చూపించమనండి. ఇవి బతికున్న కణాలు. మే నెల ఎండలో విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో కారులో వచ్చిన డబ్బా ఎంతసేపు బయట ఉందో, గడ్డకట్టినది కరిగించాక ఎన్ని నిమిషాల్లో వేస్తారో తెలుసుకోవడం మీ హక్కు. "సీరమ్ లేకుండా పెంచారా" అని కూడా అడగవచ్చు, ఎందుకంటే పెంపకంలో వాడే ఆవు సీరమ్ (రక్తంలోని ద్రవభాగం) మిగులు కూడా కీలు వాపుకు ఒక కారణం కావచ్చు. వీటికి జవాబు తడుముకునే చోట వేయించకండి. స్టెమ్ సెల్ పేరుతో వచ్చే మాత్రలు, పొడులు అసలు లెక్కలోకే రావు. కడుపులో అరిగిపోయాక ఏ కణమూ బతకదు.

తుంటి పూర్తిగా పాడైన కుక్కకు, నొప్పి మందులతో ఏమాత్రం కుదురుకోనిదానికి, కణాల కంటే ఆపరేషన్ సూటి దారి. చిన్న ఒళ్లున్న కుక్కకు తొడ ఎముక తల తీసేస్తే కండరాలే కీలు పని చేస్తాయి. పెద్ద కుక్కకు కృత్రిమ తుంటి ఉత్తమం, చేసే సర్జన్లు దొరకడమే కష్టం.

ఒకవేళ మూలకణాలే అనుకుంటే, వేయించడానికి ముందు రెండు వారాల్లో ఒకే వీధిలో, ఒకే వేగంతో నడిపిస్తూ మూడు నాలుగు వీడియోలు తీసి పెట్టుకోండి. రెండు నెలలకు, నాలుగు నెలలకు అలాగే తీయండి. ఆ వీడియోల తేదీలు తెలియని ఒకరికి, వేరే డాక్టరయితే ఇంకా మంచిది, కలగలిపి చూపించి "ఏది మెరుగ్గా ఉంది?" అని అడగండి. మాత్రల మోతాదు ఆ మధ్యలో మార్చి ఉంటే అది కూడా రాసి ఉంచాలి. నాలుగు నెలల వీడియోనే మెరుగని వాళ్లు చెప్పలేకపోతే రెండో డోసుకు డబ్బు కట్టకండి.